లైసెన్సు తాళము ఎంతవరకు చూడవచ్చును?

నంద్యాల జిల్లాలోని వెలుగోడు జలాశయము తెలుగుగంగ పథకములో ఒక ముఖ్యమైన మజిలీ. ఇందులో సుమారు 17 టి.ఎం.సి.ల నీరు, అనగా 1,700 కోట్ల ఘనపుటడుగుల నీరు నిలువ చేయవచ్చును. శ్రీశైలము నుండి పోతిరెడ్డిపాడు, బనకచర్లల మీదుగా వచ్చిన నీరు ఇచట చేరి, తిరిగి కాలువ వెంట దక్షిణమునకు సాగిపోవును. తూము వద్ద నీటిమట్టము ఎంత ఉన్నది, తలుపు ఎంత తెరువబడినది అను రెండు సంగతులు తెలిసిన చాలును, ఎంత నీరు పోయినదో లెక్కకట్టవచ్చును. ఆ నీరు పారిన పొలము ఆసామి ఇంట ఎందరున్నారు, వారు రాత్రి ఎవరితో ఏమి మాటలాడుకొనిరి అన్న ప్రశ్నలతో ఆ లెక్కకు పని లేదు. ప్రతి కొలతకును దాని ప్రయోజనమే హద్దు. హద్దు దాటినచో అది కొలత కాదు, ఆరా తీయుట యగును.

కంప్యూటరు సాఫ్టువేరును కాపాడు లైసెన్సు తాళముల విషయములో ఈ భేదమే నానాటికి మరుగున పడుచున్నది.

పుస్తకము కొన్నవాడు ఆ ప్రతికి యజమాని. సాఫ్టువేరు కొన్నవానికి సాధారణముగా లభించునది దానిని వాడుకొనుటకు అనుమతి మాత్రమే. ఆ అనుమతినే లైసెన్సు అందురు. పుస్తకమును మరల అచ్చువేయుటకు కాగితము, సిరా, యంత్రము కావలెను. సాఫ్టువేరుకు ప్రతి తీయుటకు క్షణకాలము చాలును. అసలు ప్రతికిని నకలు ప్రతికిని అణుమాత్రమైనను తేడా ఉండదు. అందుచేత 1957 నాటి కాపీరైటు చట్టమును 1984లో సవరించి కంప్యూటరు ప్రోగ్రాములను దాని పరిధిలోనికి తెచ్చిరి. దొంగ ప్రతి అని తెలిసియు దానిని కంప్యూటరుపై వాడువారికి 7 దినముల నుండి 3 సంవత్సరముల వరకు జైలుశిక్షను 1994 సవరణ విధించినది. సాఫ్టువేరు వ్రాయుట కూడ శ్రమయే. ఆ శ్రమతో జీవించువారిలో తెలుగువారు వేలకొలది కలరు. కావున తయారీదారు తన సరుకునకు తాళము వేసికొనుటను తప్పుపట్టరాదు. తాళము చేయవలసిన పని ఏమిటి, చేయుచున్న పని ఏమిటి అన్నదే విచారింపదగినది.

తొలినాళ్ల తాళము ఒక చిన్న పరికరము. దానిని డాంగిల్ అందురు. కంప్యూటరు వెనుక దానిని తగిలించినగాని సాఫ్టువేరు పనిచేయదు. సాఫ్టువేరు ఒక సంఖ్యను పంపును. డాంగిల్ తగిన జవాబు చెప్పును. జవాబు సరిపోయినచో పని సాగును. ఈ సంభాషణ అంతయు ఆ బల్లమీదనే జరిగి ముగియును. పరికరము పోయినను, చెడినను పని ఆగిపోవుట దీనిలోని లోపము. కాని ఇంటి కబురు ఇల్లు దాటదు.

ఇంటర్నెట్టు వ్యాపించిన పిదప పద్ధతి మారినది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీ వాడుకరి చేత 25 అక్షరముల తాళపుసంఖ్యను నింపించి, కంప్యూటరులోని పది భాగముల వివరములతో ఒక గుర్తును తయారుచేసి కంపెనీకి తెలుపుకొనెడిది. వాడుకరి పేరు చెప్పవలసిన అవసరము లేదు. భాగముల అసలు సంఖ్యలు గాక వాని నుండి పుట్టిన గుర్తు మాత్రమే పోవును.

ఇది ఎట్లు సాధ్యమో విద్యార్థులు చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. 4,837ను 97చే భాగించినచో శేషము 84. ఆ 84ను మాత్రమే ఎదుటివానికి చెప్పితిమనుకొనుడు. అసలు సంఖ్య ఏదో అతడు చెప్పలేడు. 181, 278, 375 వీనిలో దేనిని భాగించినను 84 మిగులును. కంప్యూటరులో వాడు సూత్రములు ఇంతకంటె మిక్కిలి క్లిష్టమైనవి. కాని మూలభావము ఇదియే: గింజను పిండి చేయవచ్చును గాని పిండిని గింజ చేయలేము.

తాళము ఇంతటితో ఆగినచో ఆక్షేపణకు చోటు కొద్ది. అయినను ఇందులో ఒక మెలిక ఉన్నది. ఒకే కంప్యూటరు ఎప్పుడును ఒకే గుర్తును ఇచ్చును. ఆ గుర్తు ఒక్కసారి చేరినచో అది రసీదు వంటిది. అదే గుర్తు ప్రతిదినము చేరుచున్నచో అది దినచర్య యగును. కబురుతోపాటు కంప్యూటరు యొక్క ఇంటర్నెట్టు చిరునామా, వేళ కూడ తెలియును. ఏ వేళకు యంత్రము తెరిచిరి, ఎన్నాళ్లు తెరువలేదు, ఏ ప్రాంతము నుండి తెరిచిరి అను సంగతులన్నియు ఆ వరుస నుండి కూర్చవచ్చును. పేరు అడుగలేదు గనుక మనిషి తెలియడు అనుట సగము సత్యమే.

ఈ శంక ఊహ కాదని 2006లో తేలినది. ఆ సంవత్సరము మైక్రోసాఫ్టు సంస్థ ‘విండోస్ జెన్యూన్ అడ్వాంటేజ్’ అను పరిశీలక సాఫ్టువేరును భద్రతా సవరణలు వచ్చు దారినే వాడుకరులకు పంపినది. అది అసలు ప్రతియే అని తేలిన కంప్యూటర్లనుండి కూడ ప్రతిదినము సంస్థతో సంబంధము పెట్టుకొనుచున్నదని జూను మాసములో బయటపడినది. దీనిని ముందుగా స్పష్టముగా చెప్పలేదని విమర్శ చెలరేగగా సంస్థ ఆ రోజువారీ పిలుపును తొలగించినది. సాంకేతికముగా ఆ పిలుపు స్వల్పమైనదే కావచ్చును. కాని తలుపు తట్టినవాడు ఏమియు తీసికొనిపోలేదు అన్నంతమాత్రమున, చెప్పకుండ ప్రతిదినము లోనికి తొంగిచూచుట న్యాయము కాదు.

మరుసటి సంవత్సరము వేరొక లోపము కనబడినది. 2007 ఆగస్టులో ఆ సంస్థ పరిశీలనా కేంద్రములో పొరపాటు జరిగి, కొన్ని గంటలపాటు న్యాయముగా కొన్న ప్రతులు సైతము దొంగ ప్రతులుగా ముద్రవేయబడినవి. ప్రతియొక్కరిని అనుమానించి దూరమునుండి తీర్పుచెప్పు తాళము తప్పుచేసినపుడు శిక్ష పడునది నిజాయితీపరునికే. దొంగ ప్రతి వాడువాడు అంతకుముందే ఆ తాళమును ఊడబెరికి యుండును!

ఈ సమస్య దూరదేశపు సంగతి కాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకును, వారికి బోధించు ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా ట్యాబులను పంచినది. వానిలో బైజూస్ సంస్థ పాఠములు నింపబడినవి. చదువుకు సంబంధము లేని వానిని అడ్డగించుటకును, పిల్లలు ఏమి చూచుచున్నారో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు తెలిసికొనుటకును ఒక నియంత్రణ సాఫ్టువేరును కూడ అమర్చిరి. వెలుగోడు వంటి ఊళ్లలో పుస్తకములే దుర్లభమైన ఇండ్లకు పాఠము నడచివచ్చుట మేలే. పిల్లలను పనికిమాలిన దృశ్యములనుండి కాపాడవలెనన్న ఉద్దేశ్యమును కాదనలేము.

అయినను ఇచట మూడు వేరువేరు పనులు ఒకే పరికరములో కలిసిపోయినవి. పాఠమునకు అనుమతి ఉన్నదా అని చూచుట ఒకటి. అనవసరమైన వానిని అడ్డగించుట రెండవది. పిల్లవాడు ఏది, ఎంతసేపు చూచెనో వ్రాసిపెట్టుట మూడవది. మొదటి రెండును మూడవది లేకయే జరుగగలవు. తలుపునకు గడియ వేయుటకు లోపలివారి దినచర్య పుస్తకము అక్కరలేదు గదా. ఆ మూడవ పనికి వేరుగా కారణము చెప్పి, వేరుగా అనుమతి పొందవలెను.

పోగైన సమాచారమునకు మరొక ప్రమాదము కలదు. దానిని పోగుచేసినవారు ఎల్లకాలము అట్లే ఉండరు. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థపై దివాలా పరిష్కార ప్రక్రియ ఆరంభమైనది. ఏ విద్యార్థి సమాచారమైనను దుర్వినియోగమైనదని ఇచట చెప్పుట లేదు. ఒక సంస్థ చేతులు మారునపుడు దాని లెక్కలు, పుస్తకములతోపాటు వాడుకరుల వివరములును చేతులు మారు అవకాశమున్నదని మాత్రము గుర్తింపవలెను. పోగుచేయని సమాచారమునకు ఈ భయము లేదు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులోని తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా తీర్పుచెప్పినది. ప్రభుత్వము ఆ హక్కులో జోక్యము కలిగించుకొనవలెనన్నచో దానికి చట్టము, ఉచితమైన ఉద్దేశ్యము, ఆ ఉద్దేశ్యమునకు తగిన మోతాదు ఉండవలెను. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టములో ఒక ఉదాహరణ ఉన్నది. ఫోనుద్వారా వైద్యసలహా చెప్పు యాప్ రోగి ఫోనులోని పేర్ల పట్టికను కూడ అడిగి, రోగి సరే అన్నను, ఆ పట్టిక వైద్యమునకు అవసరము కాదు గనుక అంతవరకు ఆ సమ్మతి చెల్లదు. లైసెన్సు తాళములకును ఈ సూత్రమే గీటురాయి కాదగినది. 18 ఏండ్ల లోపు పిల్లల నడవడిని వెంటాడి గమనించుటను ఆ చట్టము నిషేధించినది. కాని 2025 నవంబరులో వెలువడిన నియమములు చదువు, భద్రతల నిమిత్తము విద్యాసంస్థలకు మినహాయింపు నిచ్చినవి. చట్టము విడిచిన ఈ సందునందే ఉపాధ్యాయుల జాగరూకత పనిచేయవలెను. లేనిచో కంచే చేను మేసినట్లగును.

పాఠశాలలో ఏ సాఫ్టువేరునైనను వాడుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేయవచ్చును. ఇంటర్నెట్టు తీసివేసిన ఇది పనిచేయునా? చేయనిచో ఎన్నాళ్లకొకసారి కబురు పంపును? ఆ కబురులో ఏమి ఉండును? విద్యార్థి బడి విడిచినపుడు అతని వివరములు తుడిచివేయబడునా? అమ్మువాడు వీనికి జవాబు వ్రాసి ఈయనిచో అది కూడ ఒక జవాబే. కేరళ పాఠశాలలు 2000 దశకములోనే స్వేచ్ఛా సాఫ్టువేరు వైపు మరలినవి. దానిని నకలు చేయుటకు అందరికిని అనుమతి ఉండుటచే లైసెన్సు తాళముతో పనియే లేదు. దాని మూలగ్రంథము బహిరంగము గనుక లోపల ఏమి జరుగుచున్నదో తెలిసినవారు చదివి చూడవచ్చును.

అమ్మువాని హక్కు తన ప్రతిని లెక్కించుకొనుట వరకే. ఆ లెక్క తేలిన పిదప తాళము మౌనము వహింపవలెను. మౌనము వహింపని తాళమును ప్రశ్నించుట బడిలోనే నేర్పవలసిన శాస్త్రీయమైన అలవాటు.