చెవితో పిట్టను పోల్చే విద్య

హిమాలయాల ఓక్, ఫిర్ అడవుల్లో వేసవిలో గూడు కట్టే లెమన్ రంప్డ్ వార్బ్లర్ సుమారు 10 సెంటీమీటర్ల పిట్ట. అక్కడే తిరిగే హ్యూమ్స్ వార్బ్లర్‌కూ కంటిపై అలాంటి లేత పట్టీ, రెక్కపై అలాంటి గీతలే ఉండడంతో చూపు ఒక్కదాన్నే నమ్ముకుంటే పొరపడక తప్పదు. అందుకే అనుభవజ్ఞులైన పరిశీలకులు ముందు చెవికి పని చెబుతారు: సన్నని గరగర సాగి, వెంటనే ఒకే స్థాయిలో చిట్టి స్వరాలు గబగబా వినిపిస్తే మొదటిది, బుసలాంటి సాగదీత వినిపిస్తే రెండవది. ఆ తరువాతే బైనాక్యులర్ ఎత్తి, పిట్ట పురుగు కోసం ఆకు ముందు గాలిలో నిలిచి రెక్కలాడించే క్షణం కోసం కాచుకుంటారు. తోక మొదట్లోని నిమ్మపండు రంగు స్పష్టంగా బయటపడేది అప్పుడే. వల వేయకుండా, రెక్క నలగకుండా పేరు తేల్చే ఈ నైపుణ్యం నిజంగా గొప్పది. చలికాలంలో ఈ పిట్టలు దిగువకు వచ్చేస్తాయి కనుక, వాటి పాట నేర్వదలచినవారు మే, జూన్ నెలల్లో కొండెక్కాలి.