నెల అంటే ఎన్ని రోజులు?

జనవరి 31కి ఒక నెల కలిపితే ఏ తారీఖు వస్తుంది? జావాలో లోకల్‌డేట్‌ని అడగండి. 2025 జనవరి 31కి ప్లస్‌మంత్స్‌తో ఒక నెల కలిపితే ఫిబ్రవరి 28 అంటుంది. జావాస్క్రిప్ట్‌లో అదే తేదీకి సెట్‌మంత్‌తో నెల మారిస్తే మార్చి 3 చూపిస్తుంది. ఫిబ్రవరి 31 అనే రోజు లేదు కదా, ఎక్కువైన మూడు రోజుల్నీ మార్చిలోకి తోసేస్తుంది. పైథాన్ టైమ్‌డెల్టాలో వారాలు, రోజులు, గంటలు ఉన్నాయి గానీ నెలలు లేవు. నెలకి స్థిరమైన కొలత లేదు గనుక ఆ లెక్క జోలికే పోకపోవడం నాకు నిజాయతీగా అనిపిస్తుంది.

అసలు చిక్కు రెండో నెలలో ఉంది. జావాలో జనవరి 31కి ఒకేసారి రెండు నెలలు కలిపితే మార్చి 31. ఒక్కో నెలా విడిగా కలుపుకుంటూ వెళ్తే ఫిబ్రవరి 28, ఆ తర్వాత మార్చి 28. అప్పు వాయిదాల పట్టిక ఇలా తయారుచేస్తే నెలాఖరున కట్టాల్సిన మనిషికి గడువు ఎప్పటికీ 28కే జరిగిపోతుంది. జీతం పడకముందే ఖాతాలోంచి డబ్బు పోతుంది. అందుకే నేను మొదటి వాయిదా తేదీని కదపను. ప్రతి వాయిదానీ దాని నుంచే లెక్కిస్తాను: ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు.

మన ఇళ్లలో తద్దినం తారీఖుని బట్టి పెట్టరు, తిథిని బట్టి పెడతారు. ఏడాది తిరిగిందంటే 365 రోజులు గడిచాయని కాదు, ఆ మాసంలో ఆ తిథి మళ్లీ వచ్చిందని. ప్రోగ్రాములో నెల కలపడమూ అలాంటిదే. అది కొలత కాదు, నియమం.

రోజుకి కూడా ఎప్పుడూ 24 గంటలే ఉండవు. 2025 మార్చి 9న అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిగాయి. డాలస్‌లో మార్చి 8 రాత్రి 9 గంటలకి ఒక రోజు కలిపితే మర్నాడు రాత్రి 9, అదే 24 గంటలు కలిపితే రాత్రి 10. అక్కడున్న కొడుకు రోజూ రాత్రి 9కి ఫోన్ చేస్తుంటే, గుంటూరులో తల్లికి పొద్దున ఎనిమిదిన్నరకి మోగే ఫోన్ ఆ మర్నాటి నుంచి ఏడున్నరకే మోగుతుంది. 2014లో వచ్చిన జావా 8 రోజు కలపడాన్నీ గంటలు కలపడాన్నీ పీరియడ్, డ్యూరేషన్ అని విడదీసింది. చాలా మంచి పని.

తేదీలు కలిపే కోడ్ రాసేవాళ్లకి నా మనవి ఒకటే. నెలాఖరుని ఏం చేయాలో ముందు డబ్బు కట్టేవాళ్ల వైపు నుంచి ఆలోచించి నియమం రాసిపెట్టుకోండి. టెస్టుల్లో జనవరి 31నీ, ఫిబ్రవరి 29నీ తప్పకుండా పెట్టండి.