తిరుగు టికెట్టున్నవాడు

జనవరి జపాన్ ట్రిప్‌కి ప్లాన్ వేస్తూ కవాబాతా ‘స్నో కంట్రీ’ మళ్ళీ చదివాను. నాలుగు రోజులు టోక్యో, రెండు రోజులు యుజవాలో స్కీయింగ్. నవల్లో పేరు చెప్పకపోయినా ఆ ఊరు యుజవానే. 1931లో షిమిజు సొరంగం వచ్చాక టోక్యోకి దగ్గరైంది. ఇప్పుడు షింకన్‌సెన్‌లో గంటన్నర కూడా పట్టదు.

షిమామురాని సౌందర్యారాధకుడంటారు గానీ, నాకైతే పక్కా టూరిస్టే. ఎన్నడూ చూడని బాలే గురించి పుస్తకాలు చదివి వ్యాసాలు రాస్తాడు (మంచు ముట్టకుండానే స్కీ వీడియోలు చూసే నాలాగే). బుద్ధి పుట్టినప్పుడు వస్తాడు, పోతాడు. కొమాకోకి ఆ వీలు లేదు. మంచు ఆమెకి దృశ్యం కాదు, అతిథులూ తాగుడూ నిండిన చలికాలపు కొలువు. ఆమె రాసుకునే డైరీలు, సమిసెన్ సాధన అతనికి వృథా శ్రమగా తోస్తాయి. ఆ చూపుని కవాబాతా నిలదీయడు, అందంగా మంచు కప్పేస్తాడు. నా పేచీ అక్కడే.

యుజవాకి ఇంకో రోజు కలిపాను. స్కీ లేకుండా, ఊరికే ఊళ్ళో తిరగడానికి.