తేదీ లేఖనము – కంప్యూటరు భాషలు: ఒక పరామర్శ

తేదీ వ్రాయుట చిన్నపనిగా కనిపించును. దినము, మాసము, సంవత్సరము ఒక వరుసలో నిలిపినచో పని తీరినదని తలచుట సహజము. కాని ఆ వరుస చదువరికి ఏ అర్థము నిచ్చునో విచారింపక వ్రాసిన తేదీ, గణములు సరిపోయి అన్వయము చెడిన పద్యము వంటిది. కంప్యూటరు భాషలు తేదీని కూర్చు తీరు ఈ దృష్టితో పరిశీలింపదగినది.

యానాము చరిత్రకు నాలుగు తేదీలు స్తంభముల వంటివి. 13-6-1954న విమోచనోద్యమకారులు పట్టణమును వశపరచుకొనిరి. 1-11-1954న ఫ్రెంచి వారి పాలన భారత ప్రభుత్వమునకు అప్పగింపబడినది. 28-5-1956న ఒడంబడికపై సంతకములు జరిగినవి. 16-8-1962న విలీనము చట్టరీత్యా పూర్తియైనది. మాసమును ముందుగా వ్రాయు అమెరికా మర్యాదలో చదివినను వీనిలో మూడింటికి హాని లేదు. పదమూడవ మాసము లోకములో లేదు గనుక చదువరి తప్పును వెంటనే గుర్తించును. 1-11-1954 మాత్రము చడిచప్పుడు లేక జనవరి 11 అయిపోవును. పుదుచ్చేరి ప్రభుత్వము విమోచన దినముగా జరుపుచున్న తేదీకే ఈ అపాయము కలదు.

వారము పేరు చేర్చినచో రక్షణ కలుగునని కొందరనవచ్చును. కాని 1954లో జనవరి 11, నవంబరు 1 రెండును సోమవారములే. కావున మాసమును అక్షరములలో వ్రాయుటయే గతి.

అట్లని వారము పేరు నిరర్థకమనరాదు. జావాస్క్రిప్టు భాషలో 1954-11-01 అని మాత్రమే ఇచ్చినచో, అది సార్వత్రిక కాలమానపు అర్ధరాత్రిగా గ్రహింపబడును. యానాములోని కంప్యూటరుకు అది ఉదయము 5-30 గంటలు. న్యూయార్కులోని దానికి ముందునాటి సాయంకాలము. ఫరంపేట నుండి అక్కడికి వలసపోయిన కుటుంబము తెరపై అక్టోబరు 31 అని చూడవచ్చును. మాసము అక్షరములలోనే ఉన్నను ఈ తప్పు దాగును. ప్రక్కన ఆదివారము అని కనిపించినపుడే, సోమవారమని ఎరిగిన వారికి అనుమానము పుట్టును. మన శాసనములలో శకవర్షముతో పాటు మాసము, పక్షము, తిథి, వారము చెప్పుట తరచుగా కనిపించును. ఒక అంగము చెడినను మరియొకటి దానిని పట్టియిచ్చును.

జావా భాషలో తేదీ నమూనాకు అక్షరములే సంకేతములు. పెద్ద 'యం' మాసమునకు, చిన్న 'యం' నిమిషములకు చెల్లును. చిన్న 'వై' సాధారణ సంవత్సరము. పెద్ద 'వై' వారముల లెక్కను బట్టి ఏర్పడు సంవత్సరము. అంతర్జాతీయ వారగణనలో 30-12-2019 తేదీకి పెద్ద 'వై' వాడినచో సంవత్సరము 2020 అని వచ్చును. ఏడాది పొడుగున సరిగా నడచి, సంవత్సరసంధిలో మాత్రమే బయటపడు దోషమిది. అందుచేత పరీక్షకులకు సులభముగా చిక్కదు.

యూనికోడు సంస్థ కూర్చిన ప్రాంతీయ సమాచారములో తెలుగు తేదీకి పలు రూపములు కలవు. జావా 2017లో వెలువడిన తొమ్మిదవ కూర్పు నుండి దీనినే మూలముగా గ్రహించినది. అందలి హ్రస్వరూపము "01-11-54". ఇందు మాసము సందిగ్ధము, శతాబ్దము లుప్తము. పూర్ణరూపము "1, నవంబర్ 1954, సోమవారం". మాసనామము, వారము రెండును ఇందు నిలిచినవి. ఇది మెచ్చదగినది.

భాషాదృష్టితో లోపములు లేకపోలేదు. ఒకే పట్టికలో "ఆగస్టు" అజంతముగా, "నవంబర్" హలంతముగా ఉండుట పొసగదు. ఆంగ్లమున దినసంఖ్యకు నాలుగు ప్రత్యయములు మారుచుండగా, ఫ్రెంచిలో మొదటి దినమునకు ప్రత్యేకరూపము ఉండగా, తెలుగున 1వ, 2వ, 31వ అని ప్రత్యయమొక్కటే. యంత్రమునకు ఇంతకన్న సులువైన నియమము లేదు. అయినను "1వ తేదీ" అను మన నుడికారమునకు ఆ నమూనాలో చోటు దొరకలేదు.

5-6 అని అంకెలలో నమోదైన శిశువు జననము ఒకచోట జూన్ 5గా, మరియొకచోట మే 6గా చదువబడినచో, బడిలోను ప్రయాణపత్రములలోను ఆ బిడ్డకు రెండు పుట్టినరోజులు ఏర్పడును. మనుష్యుల బ్రతుకునకు సంబంధించిన పత్రములలో ప్రోగ్రాము వ్రాయువారు హ్రస్వరూపమును విడిచి పూర్ణరూపమునే గ్రహింపవలెను. నాలుగు అక్షరముల చోటు మిగుల్చుకొనుటకై ఒకరి జన్మదినమును సందేహమున ఉంచుట తగదు.