దిల్‌సుఖ్‌నగర్‌లో సౌండ్ రోలింగ్

స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్‌కు యూనిట్ కూడేటప్పుడు పనులు పంచుకునే వరుస దాదాపు అందరిదీ ఒకటే. కథ రాసినవాడు దర్శకుడవుతాడు. కెమెరా ఉన్నవాడు కెమెరామన్. మంచి ల్యాప్‌టాప్ ఉన్న అమ్మాయి ఎడిటర్. బండి ఉన్నవాడు ప్రొడక్షన్ చూస్తాడు. సౌండ్ దగ్గరకు వచ్చేసరికి మనుషులు అయిపోతారు. ‘డబ్బింగ్‌లో చూసుకుందాం లేరా’ అన్న మాటతో మీటింగ్ ముగుస్తుంది.

ఐదుగురితో సినిమా తీసేవాళ్లు ఆ వరుసను తిరగేయాలి. దర్శకుడి తర్వాత మొట్టమొదట వెతకాల్సింది హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినే మనిషిని. అవసరమైతే దర్శకుడే కెమెరా పట్టొచ్చు, ఆ సీన్‌లో లేని నటుడు క్లాప్ కొట్టొచ్చు. వినేవాళ్లకు మాత్రం ఇంకో పని అప్పగించకూడదు. ఏ ఊళ్లో తీసినా ఇంతే గానీ, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య తీసేవాళ్లకు దీన్ని వాయిదా వేసే వీలే లేదు.

ఎందుకంటే విజయవాడ హైవే నగరంలోకి వచ్చే దారి అది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలయ్యాక ఆ రోడ్డు నెత్తిన ఇంకో దారి తోడైంది. కింద హారన్లు, పైన కొన్ని నిమిషాలకోసారి రైలు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్... ఏ స్టేషన్‌లో చూసినా మూడు భాషల్లో అనౌన్స్‌మెంట్. ఎల్బీనగర్ రింగ్ రోడ్డు దగ్గర జిల్లా బస్సుల కోసం నిలబడ్డ జనం, ఊళ్ల పేర్లు అరిచి పిలిచేవాళ్లు. పోనీ గల్లీలోకి జరుగుదామంటే కూరగాయల ఆటో మైకు, పాత సామాన్లు కొంటామనే రికార్డు, హాస్టల్ బోరు మోటారు, పక్కింటి కుక్కరు. ఈ పేటలో సీన్ రాసుకునేటప్పుడే దాని చుట్టూ ఏం వినబడుతుందో కూడా రాసుకోవాలి.

తెలుగు సినిమా మాట నేర్చింది సెట్ మీదే. 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ను హెచ్.ఎం.రెడ్డి తీసిన రోజుల్లో నటులు కెమెరా ముందే మాట్లాడాలి, కెమెరా ముందే పాడాలి. ఆ గొంతును మైకు అక్కడికక్కడే పట్టేది. ప్లేబ్యాక్ తర్వాత వచ్చింది. ఆ మీదట ఆరిఫ్లెక్స్ 2సి లాంటి తేలికపాటి కెమెరాలు ఔట్‌డోర్ షూటింగ్‌ను సులువు చేశాయి. అయితే అవి నడుస్తున్నంతసేపూ గరగరమని చప్పుడు చేసేవి. ఆ చప్పుడులో రికార్డయిన డైలాగ్ పనికిరాదు కాబట్టి డబ్బింగ్ థియేటర్‌లో మళ్లీ చెప్పించడం దేశమంతటా అలవాటైంది. ఇవాళ విద్యార్థుల చేతుల్లో ఉన్న కెమెరాలకు ఆ చప్పుడు లేదు. అయినా పాత అలవాటే నడుస్తోంది.

డబ్బింగ్‌ను తక్కువ చేయడం కాదిది. ఎక్కడో షూటింగ్‌లో ఇచ్చిన ఎక్స్‌ప్రెషన్‌ను నెలల తర్వాత చీకటి గదిలో గొంతుతో మళ్లీ పుట్టించే డబ్బింగ్ కళాకారులు తెలుగులో ఎందరో ఉన్నారు. అది ఏళ్ల సాధనతో వచ్చే విద్య. జీవితంలో మొదటిసారి కెమెరా ముందు నిలబడ్డ బీటెక్ కుర్రాడి దగ్గర ఆ విద్య ఉండదు. వాడు సరూర్‌నగర్ చెరువు గట్టు మీద నిలబడి, నాన్నకు ఫోన్‌లో ‘ఈసారి కూడా రాలేదు నాన్నా’ అని చెప్పినప్పుడు గొంతు ఎక్కడో ఒక చోట జీరపోతుంది. మూడు వారాల తర్వాత దుప్పటి కప్పుకుని ఫోన్‌లో అదే ముక్క చెప్పమంటే పెదాలు కలుస్తాయేమో గానీ ఆ జీర రాదు.

చవక కెమెరాల కాలం షార్ట్ ఫిల్మ్‌కు చేసిన మేలు అందరికీ తెలుసు. కానన్ 5డి మార్క్ 2 కెమెరా 2008లో వచ్చి ఫొటోలు తీసే పెట్టెతోనే సినిమాలాంటి బొమ్మ తీయొచ్చని చూపించింది. అదే కెమెరాలో మొదట సౌండ్ లెవెల్‌ను చేత్తో సరిచేసుకునే వీలు లేదన్న సంగతి అంతగా చెప్పుకోరు. 2010లో ఫర్మ్‌వేర్ మార్పుతో గానీ అది రాలేదు. అప్పటిదాకా లెవెల్‌ను కెమెరాయే సొంతంగా సర్దేది. ఎవరైనా మాట్లాడితే తగ్గించేది, ఊరుకుంటే పెంచేది. అంటే ఇద్దరు మనుషులు మాటలాగి ఒకరినొకరు చూసుకునే క్షణంలో ఫ్యాన్ హోరు, రోడ్డు రొద పైకి లేస్తాయి. లెవెల్‌ను ఆటోమేటిక్‌గా వదిలేసిన ఫోన్ రికార్డింగ్ ఇవాళ కూడా చాలాసార్లు ఇలాగే పాడవుతుంది.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. కెమెరాది కెమెరాకు, మాటది మాటకు వదిలేసి సౌండ్‌ను విడిగా రికార్డ్ చేసుకోవాలి. వైర్ ఉన్న లేపెల్ మైక్ వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. దాన్ని ఇంకో ఫోన్‌కు తగిలించి చొక్కా లోపల పెడితే రికార్డర్ సిద్ధం. ప్రతి టేక్ ముందు క్లాప్ కొడితే బొమ్మలో చెక్కలు కలిసిన ఫ్రేమ్‌నూ, సౌండ్ గీతలో నిటారుగా లేచిన మొననూ ఎడిటింగ్‌లో జత చేయొచ్చు. చిన్న షాట్‌గన్ మైక్ అద్దెకు దొరికితే ఇంట్లో ఉన్న బూజుకర్రే బూమ్. అసలు లెక్కంతా దూరం లెక్క. మైకుకూ నోటికీ మధ్య దూరం సగానికి తగ్గితే నేరుగా అందే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, రోడ్డు రొద మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పదివేల మైకు పది అడుగుల దూరంలో ఉండటం కన్నా వెయ్యి రూపాయల మైకు జానెడు దూరంలో ఉండటం మేలు.

ఇక గది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో తీయని స్టూడెంట్ సినిమా అరుదు. త్రీ షేరింగ్ గది, ఇనుప మంచాలు, సున్నం గోడలు, టైల్స్ నేల. బొమ్మకు అది బంగారం, సౌండ్‌కు గుహ. ఫ్రేమ్‌లో కనబడని గోడకు రగ్గులు, దుప్పట్లు వేలాడదీసి, నేల మీద పరుపు పరిస్తే ప్రతిధ్వని సగం చచ్చిపోతుంది. ఇంట్లో తీస్తే ఫ్రిజ్ ఆపాలి. ఆపినవాళ్లు బండి తాళాలు అందులో పెట్టడం పాత చిట్కా. తాళాల కోసం తెరిచినప్పుడు మళ్లీ ఆన్ చేయడం గుర్తొస్తుంది. ఏప్రిల్‌లో ఫ్యాన్ ఆపితే నటుడి నుదుటి మీద చెమట కనబడటానికి ఎంతోసేపు పట్టదు. అందుకే లైటు, ఫోకస్, రిహార్సల్ అన్నీ ఫ్యాన్ కింద పూర్తి చేసుకుని, చివరన ‘అన్నా, ఫ్యాన్ బంద్ చెయ్’ అని కేకేసి టేక్‌కు వెళ్లాలి. సీన్ అయ్యాక అందరూ కదలకుండా నిలబడి అర నిమిషం ఖాళీ గదిని రికార్డ్ చేసుకోవాలి. ఈ రూమ్ టోన్ లేకపోతే ఎడిటింగ్‌లో రెండు డైలాగుల మధ్య గొయ్యి పడుతుంది.

బయట అయితే వినే మనిషి పని ఇంకా పెరుగుతుంది. రైలు ఎప్పుడు వస్తోందో, ఎంతసేపటికి పోతోందో, తర్వాతి దానికి ఎంత వ్యవధి ఉందో గమనించి, ఆ సందులో ‘ఇప్పుడు’ అని చెప్పాల్సింది ఆ మనిషే. ‘సౌండ్ రోలింగ్’ అన్న మాట వినబడేదాకా దర్శకుడు యాక్షన్ చెప్పకూడదు. ఈ అధికారం ఇస్తే యూనిట్ నడతే మారిపోతుంది. రొదలో రిహార్సల్ చేస్తారు, సందు దొరికినప్పుడు తీస్తారు, కాబట్టి టేకులు తగ్గుతాయి. క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా ‘ఫాలోయింగ్’ (1998) స్నేహితులతో, దాదాపు ఏడాది పొడవునా వారాంతాల్లోనే తీసింది. ఫిల్మ్ ఖరీదుకు భయపడి ముందే బాగా రిహార్సల్ చేసి ఒకటి రెండు టేకుల్లో ముగించేవారు. మన పేటలో ఆ క్రమశిక్షణను మెట్రో రైలు నేర్పుతుంది.

రాబర్ట్ రోడ్రిగ్జ్ కథ ఇంకా దగ్గరిది. సుమారు ఏడు వేల డాలర్లతో తీసిన ‘ఎల్ మరియాచి’ (1992)కి ఆయనే దర్శకుడు, ఆయనే కెమెరామన్. చక్రాల కుర్చీయే ట్రాలీ. అరువు తెచ్చుకున్న 16 ఎం.ఎం. కెమెరా చప్పుడు చేస్తుంది, సౌండ్‌తో జత కట్టదు. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. షాట్ అవ్వగానే కెమెరా ఆపి, మైకు నటుల దగ్గరకు తీసుకెళ్లి, అదే చోట, అదే ఊపులో డైలాగ్ మళ్లీ చెప్పించి రికార్డ్ చేసుకునేవాడు. తర్వాత చేత్తో జత చేసుకున్నాడు. మెట్రో పిల్లర్ పక్కన తీయక తప్పని సీన్ ఏదైనా ఉంటే మన విద్యార్థులూ ఈ పద్ధతి పాటించొచ్చు. టేక్ అయిన వెంటనే పక్క గల్లీలోకి జరిగి, నటుడి ఒంట్లో ఆ వేడి చల్లారకముందే అవే మాటలు పట్టుకోవచ్చు.

తెలుగు నేల మీదే చూసుకున్నా దారి చూపినవాళ్లు చిన్న యూనిట్లవాళ్లే. నగేష్ కుకునూర్ ‘హైదరాబాద్ బ్లూస్’ (1998) 17 రోజుల్లో, 17 లక్షల్లో తీశారు. షార్ట్ ఫిల్మ్‌లు తీసుకుంటూ వచ్చిన తరుణ్ భాస్కర్, ‘సైన్మా’ (2015) తర్వాత తీసిన ‘పెళ్లిచూపులు’ (2016)లో సింక్ సౌండ్, అంటే షూటింగ్‌లోనే మాట రికార్డ్ చేసే పద్ధతి, ఎంచుకున్నారు. ఆ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగానే కాక సంభాషణలకు కూడా జాతీయ అవార్డు వచ్చింది. వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లో నటించినవాళ్లలో చాలామంది ఆ పేట మనుషులే. విశాఖ యాసను వాళ్ల నోటే, వాళ్ల వీధిలోనే రికార్డ్ చేశారు. వాళ్ల గొంతులు తీసేసి ఇంకెవరితోనో డబ్బింగ్ చెప్పించి ఉంటే ఆ సినిమాలో ఊరు మిగిలేది కాదు.

దిల్‌సుఖ్‌నగర్‌కు ఇది మరీ ముఖ్యం. గ్రూప్స్ కోచింగ్‌కనో, సాఫ్ట్‌వేర్ కోర్సుకనో నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, మహబూబ్‌నగర్, హైవే చివరన కృష్ణా, గుంటూరు... ఇన్ని జిల్లాల పిల్లలు ఒకే మెస్‌లో తింటారు. ఒకడు ‘యాడికి పోతున్నవ్’ అంటాడు, ఒకడు ‘ఎక్కడికెళ్తున్నావ్’ అంటాడు, ఏడాది తిరిగేసరికి ఇద్దరి మాటా కొంచెం కొంచెం మారుతుంది. ఏ స్క్రిప్టులోనూ ఇంత నిజమైన సంభాషణ రాయలేరు. డబ్బింగ్‌కు కూర్చున్నప్పుడు అదే పిల్లలు తెలియకుండానే సినిమాల్లో విన్న భాషలోకి జారిపోతారు. ఆ మెస్ బల్ల మీద మాట మెస్ బల్ల దగ్గరే దొరుకుతుంది.

రోడ్డు మీద తీసేవాళ్లకు బాధ్యత కూడా ఉంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇక్కడ జరిగిన జంట బాంబు పేలుళ్లను ఈ సెంటర్ మరిచిపోలేదు. ట్రైపాడ్ సంచీని బస్టాప్‌లో వదిలేసి పది అడుగులు దూరం జరిగితే ఇక్కడి జనం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. సంచీ దగ్గర ఎప్పుడూ ఒకరుండాలి. స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పుకోవాలి. మెట్రో స్టేషన్ లోపల తీయాలంటే మెట్రోవాళ్ల అనుమతి కావాలి. బండి మీద అమ్మే అన్న గొంతు రికార్డ్ చేస్తే, అది సినిమాలో వాడుకుంటామని ఆయనకు చెప్పి, సరేనన్నాకే వాడాలి.

అలా పట్టుకున్న శబ్దాలకు ఇంకో విలువా ఉంది. కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది. మామిడి సీజన్‌లో అక్కడ తెల్లవారుజామున వినిపించిన బేరాలు, హమాలీల కేకలు, లారీల రివర్స్ హారన్లు ఇప్పుడు ఆ స్థలంలో వినబడవు. ఏ విద్యార్థి హార్డ్ డిస్క్‌లోనైనా పాత షార్ట్ ఫిల్మ్ కోసం రికార్డ్ చేసిన అలాంటి పది నిమిషాలు మిగిలి ఉంటే, ఆ సినిమా బాగున్నా బాగోలేకపోయినా ఆ ఫైలు దాచిపెట్టాలి. పేట చరిత్ర రాసేవాళ్లకు అది పనికొస్తుంది.

సినిమా పూర్తయ్యాక ఫోన్‌లో చూసి సంతృప్తి పడితే తప్పులు తెలియవు. ఫోన్ స్పీకర్ లోతైన హోరును దాచేస్తుంది. రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ 2016లో మొదలుపెట్టిన ‘సినివారం’ కొత్త దర్శకుల చిన్న సినిమాలకు శనివారం సాయంత్రాల్లో పెద్ద తెర ఇచ్చింది. అలాంటి హాల్లో పదిమంది మధ్య కూర్చుంటే, ఏ డైలాగ్ దగ్గర ప్రేక్షకులు ముందుకు వంగి ‘ఏమన్నాడు?’ అని పక్కవాళ్లను అడుగుతారో కనబడుతుంది. కాలేజీ సెమినార్ హాల్ స్పీకర్లలో వేసుకున్నా ఈ పరీక్ష జరుగుతుంది.

వచ్చే ఆదివారం షూటింగ్ పెట్టుకున్నవాళ్లు అంతకుముందు ఆదివారమే, సీన్ తీయాలనుకున్న గంటకే లొకేషన్‌కు వెళ్లాలి. కెమెరా అక్కర్లేదు. పావుగంట కూర్చుని వినబడినదల్లా టైముతో సహా కాగితం మీద రాసుకోవాలి. రైలు, బోరు మోటారు, గుడి మైకు, మసీదు అజాన్, ట్యూషన్ వదిలే వేళ. ఆ కాగితం పక్కన పెట్టుకుని సీన్ వేళ మార్చాలా, చోటు మార్చాలా, లేక ఆ చప్పుడునే సీన్‌లోకి తీసుకోవాలా అన్నది తేల్చుకోవాలి. తర్వాత కాల్ షీట్ రాస్తూ, దర్శకుడి పేరు కింద మొదటి వరుసలో సౌండ్ చూసే అమ్మాయి పేరో, అబ్బాయి పేరో రాయాలి.