మర్ఫా ముందు డీజే ఎంత?

హైదరాబాద్ పాతబస్తీలో పెళ్లి బరాత్ కదిలిందంటే ముందు మర్ఫా ఉండాలి. లేకపోతే అది ఊరేగింపు కాదు, ట్రాఫిక్ జామ్.

మెడకు వేలాడే మర్ఫాను పుల్లలతో కొడతారు. పక్కన డఫ్, ఢోల్, చెక్క థాపీతో ఖణేల్మనిపించే స్టీలు బిందె. తోలు వాయిద్యాలను ముందు మంట దగ్గర కాచుకుంటారు. చెమ్మ పోయి తోలు బిగిస్తే గొంతు లేస్తుంది. ఇక తీన్‌మార్ అందుకుంటారు. మూడు దెబ్బల వరసే, కానీ మూడింటికీ ఒకే బరువు వేస్తే అది కసరత్తు అవుతుంది. ఒకటి దిగబడాలి, రెండు తేలాలి. నడుముకు ఊపు వచ్చేది ఆ తేడాలోంచే. ఢోల్ లయను గట్టిగా పట్టుకుంటే మర్ఫా దాని మీద విరుపులు వేస్తుంది. ఉస్తాద్ అనిపించుకున్నవాడి చూపు తన చేతుల మీద ఉండదు, ఆడేవాళ్ల కాళ్ల మీద ఉంటుంది. కర్ర తిప్పే కుర్రాడు అలిసిపోతే ఉస్తాద్ ఒక చుట్టు నెమ్మదిస్తాడు. కత్తి పట్టుకుని ఓ పెద్దాయన దిగాడా, ఆయన మోకాళ్లకు తగ్గట్టు మొదలుపెట్టి, ఆయనకే తెలియకుండా ఉరకలెత్తిస్తాడు. ఎంత నేర్పు!

అమెరికా స్వింగ్ బ్యాండ్ల గొప్పతనం కూడా ఇదే. అక్కడా దెబ్బను లోలోపల మూడుగా పంచుకోవడంలోనే ఊపు ఉంది. 1937 మే 11న న్యూయార్క్ హార్లెంలో, సవాయ్ బాల్‌రూమ్‌లో, చిక్ వెబ్ బ్యాండు, బెన్నీ గుడ్‌మన్ బ్యాండు పోటీపడ్డాయి. దేశమంతా గుడ్‌మన్ పేరు మోగుతున్న రోజులవి. వెన్నెముక జబ్బుతో పొట్టిగా ఉండిపోయిన వెబ్, డ్రమ్స్ వెనక కూర్చుని ఆ రాత్రి గెలిచాడు. గుడ్‌మన్ డ్రమ్మర్ జీన్ క్రూపా అంతటివాడు ఆయనకు తల వంచాడు. ఆ లయకూ మన మర్ఫాకూ దూరపు పుట్టిల్లు ఆఫ్రికాయే.

నిజాం కొలువులోని ఆఫ్రికా మూలాల సిద్దీలు, యెమెన్ హద్రమౌత్ అరబ్బులు మర్ఫాను ఇక్కడికి తెచ్చారు. సిద్దీల దళం పేరుతోనే ఇవాళ్టి ఏసీ గార్డ్స్ పేట ఉంది, అరబ్బుల నెలవు బార్కస్. 1948లో హైదరాబాద్ భారత్‌లో కలిశాక కొలువులు పోయాయి, వాయిద్యాలు మిగిలాయి. అప్పటినుంచి పెళ్లిళ్లే కాదు, బోనాల ఊరేగింపులూ మర్ఫాతో ఊగాయి.

అలాంటిదాన్ని ఇప్పుడు ఏం చేస్తున్నాం? ఎవరో వాయించిన నాలుగు చుట్లు రికార్డు చేసి, డీజే పెట్టెలో పోసి, కిటికీ అద్దాలు అదిరేలా తిప్పుతున్నాం. ఆ పెట్టెకు కళ్లు లేవు, అలిసినవాడు కనబడడు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తే ఇక మర్ఫా వాళ్లకు మంచిరోజులని సంబరపడ్డాను. కానీ పెళ్లిళ్లలో ఆ పెట్టెల మోత తగ్గలేదు. ఒకే రంగు చొక్కాలు తొడిగి, ప్లాస్టిక్ మూతల డ్రమ్ములు ఇచ్చి, లయ తెలియని పిల్లలను నిలబెట్టి అదే మర్ఫా అంటున్నవాళ్ల మీద నాకు ఇంకా కోపం.

ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఏసీ గార్డ్స్‌కో బార్కస్‌కో వెళ్లి మేళం మాట్లాడుకోండి. వీడియో కోసం పది నిమిషాలు వాయించి పంపేయకండి, గంటసేపు వాయించనివ్వండి. వాళ్లు వచ్చాక డీజే తీగ పీకేయండి.