పెన్సిల్‌తో రాసిన గళ్లు

జూన్‌లో బడులు తెరుస్తారనగా స్టాఫ్ రూమ్ బల్ల మీద పెద్ద తెల్లకాగితం పరిచి గళ్లు గీసేవాణ్ణి. రోజుకి ఎనిమిది పీరియడ్లు, వారానికి ఆరు రోజులు, ఒక్కో తరగతికి 48 గళ్లు. లెక్కల మాస్టార్ని కాబట్టి టైంటేబుల్ వేసే పని నాకే పడింది. పద్దెనిమిదేళ్లు వేశాను. చూసేవాళ్లకి అది గుమాస్తా పనిలాగే ఉంటుంది. కానీ ఒక ఊరి పిల్లలు ఏ విద్యని చేత్తో తాకుతారో, దేని మొహం చూడకుండానే పెద్దవాళ్లయిపోతారో తేలేది ఆ కాగితం మీదే.

ఆ పనికీ నేర్పు కావాలి. లెక్కలు మధ్యాహ్న భోజనం తర్వాత పెడితే సగం తరగతి జోగుతుంది. సైన్సు ప్రయోగానికి రెండు గళ్లు పక్కపక్కన ఉండాలి. హిందీ పండిట్ ఒక్కరే, తరగతులు ఐదు. డ్రిల్లు ఎండ తగ్గాకే. ముందు లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు పెన్నుతో నింపేస్తాం. ఆ తర్వాత మిగిలిన చోట డ్రాయింగు, క్రాఫ్టు, డ్రిల్లు, లైబ్రరీ పెన్సిల్‌తో రాస్తాం. అవసరం వస్తే చెరిపేసేవి అవే కదా. ఇలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. నాకు ముందు వేసినాయన పాత కాగితం చూసి నేర్చుకున్నాను.

నేను ఎక్కువకాలం పనిచేసింది గోదావరి ఒడ్డున ఒక నేత ఊళ్లో. అక్కడి హైస్కూల్లో నేత నేర్పే క్రాఫ్టు మాస్టారు ఉండేవారు. ఒకసారి ఎనిమిదో తరగతికి విలోమానుపాతం చెబుతున్నాను. పదిమంది కూలీలు ఆరు రోజుల్లో గోడ కడితే పదిహేనుమంది ఎన్ని రోజుల్లో కడతారు? పిల్లలు సూత్రం పెట్టి జవాబు తెస్తున్నారు గానీ, ఒకటి పెరిగితే రెండోది ఎందుకు తగ్గుతుందో వాళ్ల కళ్లలో కనపడటం లేదు. ఆ మాట క్రాఫ్టు మాస్టారితో అంటే ఆయన రెండు నూలు చిలపలు నా చేతిలో పెట్టారు. ఒకటి 40 నంబరు, ఒకటి 80 నంబరు. పౌను బరువుకి 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అది ఆ నూలు నంబరు. అంటే ఒకే పొడుగు దారం తీసుకుంటే, నంబరు రెట్టింపయ్యేసరికి బరువు సగమవుతుంది. మర్నాడు ఆ చిలపలు తరగతికి తీసుకెళ్లాను. నేను నోరు తెరవకముందే మూడో బెంచీలో పిల్లాడు లేచి, "నంబరు పెరిగేకొద్దీ దారం సన్నవే కదండీ మాస్టారూ" అన్నాడు. వాడికి పుట్టినప్పటినుంచీ తెలిసిన విషయం అది. దాన్ని లెక్కలంటారని మాత్రం ఎవరూ చెప్పలేదు.

డ్రాయింగు మాస్టారి దగ్గరా అంతే. చిన్న బొమ్మ మీద గళ్లు గీసి, పెద్ద కాగితం మీద పెద్ద గళ్లు గీసి, గడికి గడి చూసుకుంటూ బొమ్మని పెంచడం నేర్పేవారాయన. సరూప త్రిభుజాల దగ్గర నేను మూడు వారాలు పడే పాట్లు ఆయన రెండు పీరియడ్లలో తీర్చేసేవారు. తన సబ్జెక్టు తన గడిలోనే ఉంటుందనుకునే మాస్టారు ఎవరైనా సరే, పక్క గదిలో ఒక పూట కూర్చోవాలని నాకు అప్పటినుంచే గట్టిగా అనిపిస్తుంది.

అలాంటి నేనే ఒక ఏడాది పదో తరగతి కాగితం మీద పెన్సిల్ రాతలన్నీ చెరిపేశాను.

అంతకు ముందు ఏడాది పబ్లిక్ పరీక్షల్లో ఫలితాలు పడిపోయాయి. తల్లిదండ్రుల మీటింగులో ఒక తండ్రి లేచాడు. రోజంతా గుంట మగ్గంలో కాళ్లాడించే మనిషి, నిలబడటానికే నడుం సహకరించడం లేదు. "బొమ్మలేత్తే కూడెడతాయా మాస్టారూ? మావోణ్ణి ఈ గుంటలోంచి పైకి లాగండి చాలు" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆయన్ని తప్పు పట్టే హక్కు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. డ్రాయింగు, డ్రిల్లు, లైబ్రరీ గళ్లన్నీ లెక్కలకీ సైన్సుకీ ఇచ్చేశాను. ఆ ఏడాది పాసైనవాళ్లు పెరిగారు. అందరూ మెచ్చుకున్నారు.

పోయిందేమిటో మెల్లగా తెలిసింది. బయాలజీలో మూత్రనాళిక బొమ్మ వెయ్యమంటే గజిబిజి గీతలు. సోషల్‌లో మ్యాపు ఇస్తే కృష్ణని తీసుకెళ్లి గోదావరి ఉండాల్సిన చోట పెట్టారు. ఇవి చిన్నవి. వెనక బెంచీలో ఒక పిల్లాడు ఉండేవాడు. ఏ మాస్టారు ఏది అడిగినా తలొంచుకునేవాడు. బుధవారం మూడో పీరియడ్ డ్రాయింగులో మాత్రం మిగతావాళ్లు వాడి చుట్టూ మూగేవారు. వారం మొత్తంలో వాడు తలెత్తేది ఆ ముప్పావుగంటే. గడి చెరిపేశాక బుధవారాలు మానేశాడు. దసరా సెలవుల తర్వాత అసలు రాలేదు. కారణం అదొక్కటే అనను, ఇంట్లో మగ్గం పనీ ఉంది. కానీ ఆ పీరియడ్ కోసమే బడికొచ్చేవాడని నాకు తెలుసు, తెలిసే చెరిపాను. ఏడాది చివర ప్రోగ్రెస్ కార్డుల్లో కళావిద్య ఎదురుగా, జరగని పీరియడ్లకి, తరగతిలో అందరికీ నా చేత్తోనే 'ఎ' గ్రేడు వేశాను. ఆ 'ఎ' ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

రాజమండ్రి వెళ్లినప్పుడల్లా దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్తాను. అక్కడి ఆర్ట్స్ కాలేజీకి వందేళ్ల కిందట ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. కుర్రాళ్లకి బొమ్మలు నేర్పడం ఆయన ఉద్యోగం కాదు. అయినా దామెర్లని చేరదీశాడు, అడివి బాపిరాజుని చేరదీశాడు. దామెర్ల బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి వెళ్లడం వెనక ఆయన ప్రోత్సాహం ఉంది. 1925లో, ముప్పయ్యేళ్లు నిండకుండానే దామెర్ల పోయాడు. ఆ కొద్దికాలంలో వేసినవే ఇవాళ ఆంధ్రుల చిత్రకళకి పెన్నిధి. ఆ గోడల ముందు నిలబడితే నాకు ఆనందం కంటే ముందు భయం వేస్తుంది. ఆ కాలేజీకి బొమ్మలంటే గిట్టని ప్రిన్సిపాల్ వచ్చి ఉంటే? ఒక పిల్లాడి చెయ్యి ఏమిటో తెలియడం ఎవరో ఒక పెద్దమనిషి అభిరుచి మీద ఆధారపడకూడదు. అందుకే అది టైంటేబుల్‌లో ఉండాలంటాను.

కలిగినవాళ్ల పిల్లలకి ఈ బాధ లేదు. బడి మానేసినవన్నీ సాయంత్రం డబ్బిచ్చి కొనుక్కుంటారు: సంగీతం, ఈత, చదరంగం, బొమ్మలు. మగ్గం గుంటలో తండ్రి ఉన్న పిల్లాడికి బడి పెట్టిందే భోజనం. ఆ పళ్లెంలోంచి మనం తీసేసింది వాడికి ఇంకెక్కడా దొరకదు. ఆ తండ్రికి నేను ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇదే. ఆలస్యంగా తట్టింది.

కాగితాల మీద కొరతేమీ లేదు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే కళలకీ, వ్యాయామానికీ, పని విద్యకీ పార్ట్‌టైం బోధకులుండాలంది. 2020 జాతీయ విద్యావిధానం కళలకీ శాస్త్రాలకీ మధ్య గోడ వద్దంది. కానీ కాగితం మీద ఉన్నంత మాత్రాన ఏ విద్యా పిల్లలకి అందదు. మన ఇంటర్లో చూస్తే, మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకునేవాళ్లు ఎందరో. రెండేళ్లయ్యాక అందులో ఒక శ్లోకమైనా మనసుకి పట్టిందా అని అడిగితే తెల్లమొహం వేస్తారు. అంత గొప్ప భాష, పిల్లలకి తగలకుండానే వెళ్లిపోతోంది. ఇది నాకు డ్రాయింగు పోవడమంత బాధగానే ఉంటుంది.

గళ్లు చెరిపేసిన ఏడాదికి మరుసటి జూన్‌లో కాగితం పరిచి మొదట పదో తరగతి బుధవారం మూడో గడిలో డ్రాయింగు అని రాశాను, పెన్నుతో. తర్వాత లైబ్రరీ, డ్రిల్లు, క్రాఫ్టు. లెక్కలకి మిగిలిన చోటు చూసుకున్నాను. ఒక పీరియడ్ తగ్గింది. దాన్ని ఎలా సర్దుకోవాలో ఆలోచించడం నా పని. కాగితం గోడకి అంటించిన పొద్దున డ్రాయింగు మాస్టారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. నాతో ఏమీ అనలేదు. వెళ్లి బీరువా తెరిచి, ఏడాదిగా కట్టి పెట్టిన గళ్ల కాగితాల దుమ్ము దులపడం మొదలుపెట్టారు.